నా పేపర్ ఎక్కడ?

కమిటీ సమావేశంలో ముసాయిదా కాగితాలు పంచుతారు. డిగ్రీలో అందరికీ కామన్‌గా ఉండాల్సిన పేపర్లు ఏవి, ఏ సెమిస్టర్‌లో ఎన్ని, దేనికెన్ని క్రెడిట్లు అని గళ్లు గీసిన పట్టిక అది. బల్ల చుట్టూ ఉన్న పన్నెండు మందీ ఒక్కసారే తల వంచుతారు. మొదటి పేజీ ఎవరూ చదవరు. ఆశయాలూ లక్ష్యాలూ రాసి ఉన్న ఆ పేజీని తిప్పేసి నేరుగా పట్టిక దగ్గరికి పోతారు. తెలుగు మాస్టారి వేలు సెకండ్ లాంగ్వేజ్ గడి మీద ఆగుతుంది, కామర్స్ మేడమ్ వేలు మూడో సెమిస్టర్ మీద. నా వేలు సైన్స్ వెతుక్కుంటూ పోతుంది. నా పేపర్ ఉందా? ఉంటే వారానికి ఎన్ని గంటలు?

ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ఇలాంటి బల్లల చుట్టూ చాలాసార్లు కూర్చున్నాను. ఆ గడిలో మన సబ్జెక్ట్ కనపడని రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెవులు వేడెక్కుతాయి. పక్కవాళ్లు ఏం మాట్లాడుతున్నారో వినపడదు. నోటికి వచ్చే మొదటి మాట, "సైన్స్ లేకుండా డిగ్రీ ఏంటండీ?" ఆ మాటలో పిల్లల మీద ప్రేమ ఎంత, నా గంటలు పోతాయన్న భయం ఎంత అని అప్పట్లో ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగేవాణ్ని కాదు. రెండూ ఒకే గొంతుతో మాట్లాడేవి.

ఆ రెండింటినీ విడదీసుకోవడం నేర్చుకోవచ్చు. నాకు ఆలస్యంగా పట్టుబడింది. మీకు అంత ఆలస్యం కాకూడదని ఈ అధ్యాయం రాస్తున్నాను.

ఆ రోజు మాట్లాడకండి

ముసాయిదా చేతికి వచ్చిన రోజు మీ సబ్జెక్ట్ గురించి ఒక్క మాట కూడా అనకండి. మిగతా విషయాల మీద ఎంతైనా మాట్లాడండి. కాగితం ఇంటికి తీసుకెళ్లి, భోజనం అయ్యాక, ఒక ప్రశ్నకు జవాబు రాయండి: నా పేపర్ చదవకుండా డిగ్రీ పట్టా పుచ్చుకున్న మనిషికి నలభయ్యో ఏట ఏం లోటు జరుగుతుంది? జవాబులో సిలబస్ మాటలు ఒక్కటీ రాకూడదు. యూనిట్ పేర్లు, పుస్తకాల పేర్లు రాకూడదు. జవాబు రాయగలిగితే మీ పేపర్ కోసం గట్టిగా నిలబడండి. కలం ఆగిపోతే, మీరు కాపాడుకోవాలనుకుంటున్నది పేపర్నా, మీ గంటలనా అని ఆలోచించాల్సి ఉంటుంది.

నా కలం ఆగిపోయింది. మా కాలేజీలో ఆర్ట్స్, కామర్స్ పిల్లలకు సైన్స్ ఫౌండేషన్ పేపర్ ఒకటి పెడదామనుకున్నారు. సిలబస్ రాసే పని నాకు అప్పజెప్పారు. ఒక్క రాత్రిలో ఐదు యూనిట్లు రాసేశాను: పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక, రసాయన బంధం, ఆమ్లాలు–క్షారాలు, కర్బన సమ్మేళనాలు. బీఎస్సీ ఫస్టియర్ పుస్తకంలోని విషయసూచికను పిండి, రసం తీసినట్టు ఉంది. నాకు అది చాలా బాగుందనిపించింది.

అదే వారంలో బీఏ రెండో ఏడు చదివే ఒక అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్లది నల్లగొండ జిల్లాలో పల్లె. "సార్, మా ఊరి నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నదంటరు. మా తాతకు నడుము వంగిపోయింది. నీళ్లు కాగబెట్టి తాగితే పోతదని మా నాయనమ్మ అంటది. నిజంగ పోతదా సార్?"

పోదు. నీళ్లు కాచితే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, పైగా మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. ఆ అమ్మాయికి ఆ మాట చెప్పాను. తను వెళ్లాక నా ఐదు యూనిట్లు తీసి చూసుకున్నాను. అవన్నీ చదివి, పరీక్ష రాసి, డెబ్బై మార్కులు తెచ్చుకున్నా ఆ పిల్లకు తన ప్రశ్నకు జవాబు దొరకదు.

ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి రాశాను. ఈసారి నీళ్లతో మొదలుపెట్టాను. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తీయడానికి రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. తెట్టు కట్టినట్టు మెత్తటి ముద్దలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. పై నీళ్లు వడకట్టుకుంటారు. పటిక అన్ని ఊళ్లలోనూ అమ్మలకు తెలిసిన వస్తువే. పటిక ఎందుకు పని చేస్తుందో చెప్పబోతే అయాన్లు వాటంతటవే వస్తాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు అని చెప్పబోతే, అసలు లీటరుకు మిల్లీగ్రాము అంటే ఎంతో పిల్లలకు తెలియాలి. అది తెలిసిన మనిషి తన ఊరి నీటి పరీక్ష రిపోర్టు చేత్తో పట్టుకుని గ్రామసభలో లేచి అడగగలదు. నలభయ్యో ఏట ఏం లోటు అన్న ప్రశ్నకు అప్పుడు దొరికింది నాకు జవాబు.

ఆవర్తన పట్టికను తీసేశాను. తీసేటప్పుడు బాధపడ్డాను, ఆ మాట దాచుకోను.

కెమిస్ట్రీ చెప్పిన మరో మనిషి

సొంత సబ్జెక్ట్‌ను ఇలా విప్పుకుని మళ్లీ కట్టుకోవడం పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ జరిగింది. అందులో నాకు ఇష్టమైనది జేమ్స్ బ్రయంట్ కొనాంట్ కథ. ఆయన కర్బన రసాయన శాస్త్రవేత్త. 1933లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో, జనరల్ ఎడ్యుకేషన్ ఎలా ఉండాలో తేల్చమని పన్నెండు మందితో కమిటీ వేశాడు. చరిత్రకారుడైన పాల్ బక్ దానికి అధ్యక్షుడు. 1945లో వచ్చిన వాళ్ల నివేదిక అట్ట ఎర్రగా ఉండటంతో అందరూ దాన్ని రెడ్‌బుక్ అనే పిలిచారు. అమెరికాలో ఎన్నో కాలేజీలు దాన్ని ముందు పెట్టుకుని తమ చదువులను సరిచూసుకున్నాయి.

కొనాంట్ నివేదిక తెప్పించుకుని ఊరుకోలేదు. విశ్వవిద్యాలయం మొత్తానికి అధ్యక్షుడై ఉండి కూడా, సైన్స్ చదవని పిల్లలకు సైన్స్ చెప్పడానికి తనే తరగతి గదిలోకి వెళ్లాడు. సూత్రాల పట్టీ ఇవ్వకుండా కథలు ఎంచుకున్నాడు. గాలికి బరువు ఉందని మనుషులు ఎలా కనుక్కున్నారు, టారిచెల్లీ పాదరసం గొట్టంతో ఏం చేశాడు, బాయిల్ గాలి పంపుతో ఏం చేశాడు, వాళ్లు ఎక్కడ తడబడ్డారు అని చెప్పాడు. ఆ కోర్సులో సహాయం చేయడానికి భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక కుర్రాణ్ని పిలిచాడు. అతని పేరు థామస్ కూన్. పాఠం తయారు చేసుకోవడానికి పాత శాస్త్రగ్రంథాలు చదువుతూ కూర్చున్న కూన్‌కు, సైన్స్ గురించి తను అప్పటిదాకా నమ్మినవే తప్పుగా కనిపించడం మొదలైంది. అక్కడ పడిన బీజమే 1962లో శాస్త్ర విప్లవాల మీద ఆయన రాసిన పుస్తకమై మొలిచింది. సైన్స్ అంటే ఏమిటని ఆలోచించేవాళ్లు ఆ పుస్తకం చదవకుండా ఉండలేని స్థితి వచ్చింది.

ఈ సంగతి మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. "బీకాం పిల్లలకు చెప్పడమా, అది మన స్థాయి కాదు" అని స్టాఫ్‌రూముల్లో అంటారు. మన సబ్జెక్ట్ రానివాళ్లకు చెప్పబోయినప్పుడే అది మనకు ఎంత వచ్చో తెలుస్తుంది. కామన్ పేపర్ మీ వాటాకు వస్తే అది శిక్ష అనుకోకండి.

రెడ్‌బుక్ గురించి ఇంకొక మాట. బయట అంత పేరు తెచ్చుకున్న ఆ నివేదికను హార్వర్డ్ అధ్యాపకులు ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. పిల్లలందరూ కలిసి చదవాల్సిన ఉమ్మడి కోర్సులు ఉండాలని కమిటీ కోరితే, అధ్యాపకులు వాటి బదులు ప్రతి విభాగంలోనూ ఎంచుకోవడానికి కొన్నికొన్ని కోర్సులు పెట్టుకున్నారు. రెండేళ్ల కష్టం తర్వాత సొంత ఇంట్లోనే సగం మాట చెల్లింది. మీ కమిటీ రాసిన దానిలో అకడమిక్ కౌన్సిల్ కోత పెడితే గుండె జారిపోకండి. సగం నిలిస్తే అది మంచి పంటే.

మన దగ్గర 1949

రెడ్‌బుక్ వచ్చిన నాలుగేళ్లకే మన దేశంలోనూ ఈ ప్రశ్న బల్ల మీదికి వచ్చింది. 1948లో కేంద్ర ప్రభుత్వం వేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షుడు. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, కొత్త విశ్వవిద్యాలయాన్ని కట్టుకొచ్చిన అనుభవం ఉన్న మనిషి. ఆ కమిషన్‌లో భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా ఉన్నారు, జాకిర్ హుస్సేన్ ఉన్నారు, వైద్యుడు లక్ష్మణస్వామి మొదలియార్ ఉన్నారు, బ్రిటన్, అమెరికాల నుంచి వచ్చిన విద్యావేత్తలూ ఉన్నారు. తత్వశాస్త్రం, ఫిజిక్స్, వైద్యం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. మన డిగ్రీ చదువులు మరీ ఇరుగ్గా ఉన్నాయని, జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు ఆలస్యం చేయకుండా పెట్టాలని 1949లో వాళ్లు రాశారు.

2020 జాతీయ విద్యా విధానం బహుశాస్త్ర విద్య అంటూ మళ్లీ అదే కోరింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 2020–21లో లైఫ్ స్కిల్ కోర్సులు, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు వచ్చాయి. 2023–24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. డెబ్బై ఏళ్లుగా కోరిక అదే, పట్టికలు మారుతున్నాయి. ఇది చూసి నిరాశపడే మిత్రులున్నారు. నేను పడను. ప్రతి తరమూ తన పిల్లల కోసం మళ్లీ తేల్చుకోవాల్సిన విషయం ఇది. దీన్ని ఒక్కసారి తేల్చి బీరువాలో పెట్టి తాళం వేయలేం.

వదులుకోవడం ఎలా

కమిటీలో అన్నిటికంటే కష్టమైన పని మనం ఎంతో ఇష్టపడి రాసిన దాన్ని వదులుకోవడం. దీనికి హార్వర్డ్ నుంచే ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఈసారి 2006 నాటిది. అప్పుడు వేసిన కమిటీలో ఆరుగురు అధ్యాపకులు, ఇద్దరు విద్యార్థులు. సాహిత్య ఆచార్యుడు లూయిస్ మెనాండ్, తత్వశాస్త్ర ఆచార్యురాలు అలిసన్ సిమన్స్ కలిసి నడిపారు. అక్టోబర్‌లో తొలి ముసాయిదా బయటపెట్టారు. అందులో 'హేతువు, విశ్వాసం' అన్న పేరుతో మతం గురించిన తప్పనిసరి కోర్సు ఒకటి ఉంది. ప్రపంచంలో మతం ఎంత పెద్ద శక్తో తెలియకుండా పిల్లలు బయటికి పోకూడదన్నది వాళ్ల ఉద్దేశం. మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ విద్యార్థుల పత్రికలో దాన్ని గట్టిగా కాదన్నాడు. విశ్వాసాన్నీ హేతువునూ సమానమైన రెండు దారుల్లా పక్కపక్కన పెట్టడం విశ్వవిద్యాలయం చేయదగ్గ పని కాదన్నాడు.

డిసెంబర్‌కల్లా కమిటీ ఆ కోర్సును ఉపసంహరించుకుంది. రెండు నెలలు పట్టింది, అంతే. పరువు సమస్య చేసుకోలేదు. మతాన్ని చదవాలన్న అసలు ఉద్దేశాన్ని మాత్రం పారేయలేదు. తుది నివేదికలో సంస్కృతి, విశ్వాసం కలిసిన విశాలమైన విభాగంలో దానికి చోటు దొరికింది. 2007 మే నెలలో అధ్యాపకులు ఓటు వేస్తే అనుకూలంగా 168, వ్యతిరేకంగా 14.

మీ కమిటీలో మీ ప్రతిపాదనకు ఎదురుదెబ్బ తగిలినప్పుడు దీన్నే చేయండి. పేరు వదిలేయండి, పని దాచుకోండి. 'తెలుగు సంస్కృతి' అన్న పేపర్ వద్దన్నారా? పిల్లలు తమ ఊరి గుడి శాసనం ముందు నిలబడి అది ఏమిటో తెలుసుకోగలగాలన్నదే మీ కోరిక అయితే, అది చరిత్ర పేపర్లో ఒక యూనిట్‌గా కూడా నెరవేరుతుంది. పట్టికలో మీ శాఖ పేరు కనపడకపోవచ్చు. పిల్లలు మాత్రం శాసనం ముందు నిలబడతారు.

అయితే ఈ కథ అక్కడితో అయిపోలేదు. అంత మెజారిటీతో నెగ్గిన పద్ధతిని 2015లో మరో కమిటీ పరిశీలించి, ఇది తలకాయ ఒక జంతువుది, ఒళ్లు మరో జంతువుది అయిన పురాణజీవిలా ఉందని తేల్చింది. పైన ఉద్దేశాలు గొప్పగా ఉన్నాయి. కింద ఎనిమిది విభాగాల్లోకి శాఖలు ఎప్పటి నుంచో చెబుతున్న కోర్సులు వచ్చి చేరాయి. పిల్లలకు తాము ఈ కోర్సు ఎందుకు చదువుతున్నారో తెలియలేదు. కొందరు అధ్యాపకులకు తాము చెబుతున్నది జనరల్ ఎడ్యుకేషన్ అనే ఎరుక లేదు. ఎనిమిదిని నాలుగుకు కుదించి, ఆ నాలుగింటికీ ప్రత్యేకంగా కోర్సులు తయారు చేయించి, 2019లో మళ్లీ మొదలుపెట్టారు.

నా అభిప్రాయంలో తొలి కమిటీ వదులుకోవాల్సిన చోట బాగా వదులుకుంది. కాపలా పెట్టాల్సిన చోట పెట్టలేదు. ఏ కోర్సు లోపలికి రావచ్చు, ఎవరు చూసి ఒప్పుకోవాలి, ఎన్నేళ్లకు మళ్లీ చూడాలి అన్న మూడు వాక్యాలూ మీ తీర్మానంలో లేకపోతే, సంతకం పెట్టే ముందు ఆగి రాయించండి.

వర్క్‌లోడ్ మాట పైకి అనండి

ఇక మన కాలేజీల్లో ఎవరూ మినిట్స్ పుస్తకంలో రాయని విషయం. 'విలువలు', 'సమగ్ర వికాసం' అని గంటసేపు సాగే చర్చ కింద నడుస్తున్నది చాలాసార్లు వర్క్‌లోడ్ లెక్కే. ఒక పేపర్ తీసేస్తే ఆ శాఖలో గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గితే పోస్టు పోతుంది. గెస్ట్ లెక్చరర్లకైతే చెప్పిన గంటలకే డబ్బు. సెమిస్టర్‌కు ఒక పేపర్ పోతే ఆ ఇంట్లో పిల్లల ఫీజు ఆగిపోతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బతుకు భయాన్ని సిద్ధాంతంగా మార్చి మాట్లాడటంలోనే ఉంది చిక్కంతా. అప్పుడు మనం పిల్లల గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది, నిజానికి మాట్లాడం.

అందుకని మొదటి సమావేశంలోనే అడగండి: గంటల లెక్కకు ఒక రోజు విడిగా పెడదామా? ఎవరికి ఎన్ని గంటలు పోతాయో, వాళ్లకు ఏం చూపించగలమో ఆ రోజు కాగితం మీద పెట్టి మాట్లాడుకుందామా? గెస్ట్ లెక్చరర్లలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టండి. ఈ మాట మొదట అన్నవాళ్లకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. నేను అన్నప్పుడు గదిలో అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాటలు నిజమైనవి వచ్చాయి.

దీని రెండో పక్క కూడా ఉంది. పెట్టిన పేపర్ ఎవరు చెబుతారు? న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణం పాఠంగా ఉండాలంది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ ఆదేశాలను అనుసరించి యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల కోర్సు రూపొందించింది. ఎంత మంచి పని! నేను చూసిన కాలేజీల్లో మాత్రం ఆ పేపర్‌ను టైమ్‌టేబుల్‌లో ఎవరికి గంటలు తక్కువ పడితే వాళ్ల పేరు పక్కన వేసేవారు. ఇష్టంగా చెప్పిన ఒక జువాలజీ మేడమ్ పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లి, గుర్రపుడెక్క ఎందుకు పెరుగుతుందో చూపించింది. మిగతా సెక్షన్లలో పిల్లలు గైడు కొనుక్కుని పాసయ్యారు. కాగితం మీద పేపర్ ఒక్కటే. చెప్పే మనిషి పేరు, తయారు కావడానికి ఆ మనిషికి ఇచ్చే సమయం రాయకుండా ఏ కామన్ పేపర్‌నూ ఆమోదించకండి. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండండి.

పిల్లల్ని అడిగే తీరు

1969లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో తప్పనిసరి కామన్ కోర్సులనే ఎత్తేశారు. దానికి దారి తీసింది కమిటీ వేసిన పెద్దలు కారు. ఐరా మగజినర్, ఇలియట్ మాక్స్‌వెల్ అనే విద్యార్థులు, తమ తోటివాళ్లతో కలిసి నాలుగు వందల పేజీలకు పైగా రాసిన నివేదిక. పిల్లలకు అవకాశమిస్తే ఎంత గంభీరంగా ఆలోచించగలరో దాంతో తెలుస్తుంది. అలాగని వాళ్లలా అన్నీ ఎత్తేయమని నేను చెప్పను. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో కాలేజీ చూసిన తొలి తరం. ఏం ఎంచుకోవాలో చెప్పేవాళ్లు లేనప్పుడు స్వేచ్ఛ అంటే స్కోరింగ్ సబ్జెక్ట్ వెతుక్కోవడమే అవుతుంది. ఇంటర్‌లో తెలుగు పిల్లలు మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడం మనం చూస్తున్నదే. తప్పు వాళ్లది కాదు, మనం పెట్టిన లెక్కది.

పిల్లల్ని కమిటీలో కూర్చోబెట్టండి. "మీకు ఏ పేపర్ కావాలి?" అని మాత్రం అడగకండి. తెలియని దాన్ని ఎవరూ కోరుకోలేరు. వాళ్ల బతుకులో అంతుపట్టనిది ఏమిటో అడగండి.

అలాంటి ప్రశ్న నుంచే పుట్టిన నా నీళ్ల పేపర్ నాలుగేళ్లు నడిచింది. తర్వాత పద్ధతి మారింది, కామన్ పేపర్లు తగ్గించాల్సి వచ్చింది. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. స్టాటిస్టిక్స్ చెప్పే కుర్ర లెక్చరర్ ఒకతను కొత్త పేపర్ ప్రతిపాదించాడు: పత్రికలో వచ్చే శాతాలు, అప్పు మీద వడ్డీ, సర్వే లెక్కలు చదివి నిజమేదో గ్రహించడం. నలభయ్యో ఏట ఏం లోటు అన్న ప్రశ్నకు అతని దగ్గర నా కంటే మంచి జవాబు ఉంది. అతనే చెబుతానన్నాడు, తయారు కావడానికి ఒక సెమిస్టర్ అడిగాడు. నా పేపర్ తీసి అది పెట్టాలన్నప్పుడు చెయ్యి ఎత్తాను. ఫ్లోరైడ్ నీటి రిపోర్టు చదవడం అతని రెండో యూనిట్‌లో చేరింది.

వచ్చే నెలలో మీ కమిటీ కూర్చోబోతోందనుకోండి. ముందురోజు సాయంత్రం, మీ సబ్జెక్ట్ చదవని ఒక పిల్లనో పిల్లవాణ్నో పిలిచి, క్యాంటీన్‌లో టీ ఇప్పించి, ఊరి సంగతులు అడగండి. ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో, ఎవరు ఏ అప్పు తీర్చలేకపోతున్నారో, చుట్టూ జరిగేవాటిలో తనకు అంతుపట్టనిది ఏమిటో అడగండి. విన్నది ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో సమావేశానికి వెళ్లండి.